ఎడమవైపు మూడు మచ్చలు

నస్రత్‌కి మిగిలింది ఒక్క పూట. రేపు పదిన్నరకల్లా ఎస్సై ప్రభు ఛార్జిషీటు కోర్టులో పెట్టేస్తాడు. అది పడ్డాక ఆటో డ్రైవర్ ఆదాం ఎప్పటికి ఇంటికొస్తాడో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఆదాం చేసిన నేరమల్లా, రోడ్డు పక్కన నెత్తుటిలో పడున్న మనిషిని చూసి ఆటో ఆపడం. పదకొండు రోజుల కిందటి ఆదివారం, సత్తెనపల్లికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊళ్ళో, చర్చి గంట కొట్టే యేసుపాదం ఏడున్నరకి మొదటి గంట కొట్టాడు. బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఇంటి దగ్గర మర్చిపోయి వచ్చానని అప్పుడు గుర్తొచ్చింది. ఎనిమిదింటి రెండో గంటకి ఇంకా వ్యవధి ఉంది కదా అని సైకిలెక్కాడు. రెండో గంట మోగలేదు. ఏడూ యాభై రెండుకి ఆదాం ఫోన్ నుంచి అంబులెన్సుకి కాల్ వెళ్ళింది. ముప్పావుగంట పడుతుందన్నారు. ఆగలేక అతనే యేసుపాదాన్ని ఆటోలో వేసుకుని పోయాడు. ఎనిమిదీ ఇరవై ఐదుకి ఆస్పత్రి రిజిస్టర్లో పేరు ఎక్కింది, ఎనిమిదీ నలభైకి ప్రాణం పోయింది. ఆటోలో నెత్తురుంది కాబట్టి గుద్దింది ఆటోయేనని సాయంత్రానికి తేల్చేశారు. మేలుకి పోతే కీడెదురవడమంటే ఇదే.

ఆదాం ఆటోకి బీమా ఇచ్చిన కంపెనీ తరఫున విచారణకి వచ్చింది నస్రత్. నలభై నాలుగేళ్ళ మనిషి. తండ్రి ఇమాం హుస్సేన్ గుంటూరులో ముప్ఫై ఏళ్ళు కార్లకి రంగులు వేశాడు. బడి వదిలాక రోజూ ఆ షెడ్డులోనే కూర్చుని చదువుకున్న పిల్ల కాబట్టి, పుస్తకాల్లో ఉన్నది కొంత మర్చిపోయినా రంగుల సంగతి మర్చిపోలేదు. స్టేషన్ ఆవరణలో పడేసిన యేసుపాదం పచ్చ సైకిల్‌ని ఆమె రెండు గంటలు చూసింది. మడత పడిన వెనక మడ్‌గార్డు లోపల గోరుముక్కంత ముదురు నీలం రంగు పెచ్చు దొరికింది. ఆటో పసుపూ నలుపూ. ఆ మాటే అంటే, జిల్లాలో నీలం బండ్లు వెయ్యి ఉంటాయని ఎస్సై నవ్వాడు.

ఊళ్ళో ఉన్నవి మాత్రం రెండే. ఒకటి డిసెంబరు నుంచి ఇంజిను దింపి మెకానిక్ షెడ్డులో ఉంది. రెండోది మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉన్న అంకయ్యది.

ఇవాళ పొద్దున నస్రత్ యేసుపాదం ఇంటికి కూడా వెళ్ళింది. భార్య ఎలీసమ్మ గడప మీద కూర్చుని ఉంది, పలకలేదు. కొడుకు ప్రకాష్ మార్టూరులో గ్రానైట్ పాలిష్ పట్టే పనివాడు. వాకిట్లో తండ్రి సమాధికి పెట్టే నల్లరాయి మీద వంగి, సత్తుగిన్నెలో పొడి అద్దుకుని నీళ్ళు చల్లుతూ రుద్దుతున్నాడు. తల ఎత్తకుండానే, ఆదాం తరఫున వచ్చినవాళ్ళతో తనకి మాటల్లేవన్నాడు. అతన్ని తప్పు పట్టలేక నస్రత్ వెనక్కి తిరిగింది.

మధ్యాహ్నం రెండున్నరకి అంకయ్య ఇంటికి చేరేసరికి ఎస్సై ప్రభు అప్పటికే వరండాలో కుర్చీ వేసుకుని మజ్జిగ తాగుతున్నాడు. కంచే దొంగగొడ్డు పక్కన కుర్చీ వేసుక్కూచుంటే ఇక చేనుకి దిక్కెవరని నస్రత్ మనసులోనే తిట్టుకుంది.

అంకయ్యకి యాభై ఐదు దాటి ఉంటాయి. మర్యాద తెలిసిన మనిషి. ఆమెకీ మజ్జిగ తెప్పించాడు, కారు చూడాలంటే నిరభ్యంతరంగా చూసుకోమన్నాడు. ఆమె పోర్టికో వైపు రెండడుగులు వేసిందో లేదో, వెనకనుంచి తనే మొదలుపెట్టాడు.

“ఎడంపక్క చిన్న చిన్న మచ్చలుంటాయమ్మా. నేనే చెప్పేస్తున్నా, మళ్ళీ దాచాడనుకుంటారు. జనవరిలో మార్టూరు మీదుగా ఒంగోలు వెళ్ళొస్తుంటే గ్రానైట్ లారీ వెనకాల పడ్డాం. రాళ్ళు ఎగిరి కొట్టినయ్. షెడ్డుకిస్తే వారం తిప్పుతారని టచప్ సీసా తెచ్చి ఇంట్లో నేనే వేసుకున్నా. ఇదిగో బిల్లు.”

జనవరి ఇరవై నాలుగు అని ఉంది బిల్లు మీద. యేసుపాదం పోయింది ఫిబ్రవరిలో. తేదీ సరిగ్గానే ఉంది. కానీ నస్రత్ ఎడమ అని గానీ మచ్చ అని గానీ ఇంకా నోరు తెరవలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని వింటాం గానీ, ఈయన అనకముందే తడుముకున్నాడు.

ఆమె సంచిలోంచి తండ్రి భూతద్దం, టార్చిలైటు తీసింది. తడిగుడ్డతో ముందుభాగం తుడిచి, లైటు ఏటవాలుగా వేసి చూసింది. హెడ్‌లైటు అంచున ఒకటి, దానిపైన బానెట్ కొసన ఒకటి, కింద బంపర్ మీద ఒకటి. మామూలు కంటికి ఆనవు. గోరు పెట్టి గీస్తే ఎక్కడా తగలదు. తర్వాత చుట్టూ తిరిగి వచ్చి, కుడివైపు డోరు కింద ఇంకో మచ్చ దగ్గర గొంతుక్కూర్చుంది.

“ఇది కూడా మీరు వేసిందేనా అంకయ్యగారూ?”

అదీ తనే వేశానన్నాడు. అన్నీ ఒకే రోజు, ఒకే సీసా. ఎలా వేశారని అడిగితే గర్వంగానే చెప్పాడు. కారు కడిగి, గోడలకి వాడే గరుకు కాగితంతో రుద్ది, సీసాలో ఉన్న బ్రష్షుతో పూసి, ఆరాక వార్నిష్ కొట్టాడట. మధ్యాహ్నం అన్నం తిని మొదలుపెడితే టీ వేళకి అయిపోయిందట.

“గరుకు కాగితం ఎన్నో నంబరు?”

“నంబరెవరు చూస్తారమ్మా, కొట్లో ఇచ్చింది.”

నస్రత్ లేచి నిలబడింది. ఎస్సైని కూడా కిందకి రమ్మంది. అతను బద్ధకంగా లేచి వచ్చాడు.

“కుడివైపు మచ్చ చూడండి. రంగు ఉలిపిరికాయలా లేచింది. అందులో బ్రష్షు వెంట్రుక కూడా ఇరుక్కుంది. చుట్టూ గోడ కాగితం గీసిన గీతలు. ఇది అంకయ్యగారి పనే, ఆయన చెప్పినట్టే జనవరిలో వేశారు. ఇప్పుడు ఎడమవైపు రండి. పల్చగా ఒక పూత, ఆరాక ఇంకో పూత, దాని మీద వార్నిష్. మెత్తటి కాగితం నీళ్ళలో తడిపి సమం చేశారు, ఆ తర్వాత మెరుగు పెట్టారు. ఏది తొందరపడినా ఇంత నున్నగా రాదు. తక్కువలో తక్కువ మూడు రోజుల పని. ఈ రెండూ ఒక చేతివి కావు, ఒక రోజువీ కావు.”

అంకయ్య ముఖం ఒక్క క్షణం గట్టిపడింది. తర్వాత, మొదటిది పాడుచేసుకుంటే గాని రెండోది కుదరదని, చేయగా చేయగా చెయ్యి తిరిగిందని సర్దుకున్నాడు.

“ఒక్క మధ్యాహ్నంలోనే తిరిగిందా?”

ఎస్సై ప్రభు నవ్వాపుకోలేదు. “ఏం మేడం, రంగు చూసి రోజులు కూడా చెప్పేస్తున్నారు, చిలక జోస్యంలాగా. మీ నాన్నగారు పెయింటరంటగా. మా కోర్టులో పెయింటర్ల సాక్ష్యం నడవదు. మీవాళ్ళబ్బాయని జాలేస్తే బెయిలు కోసం లాయర్ని చూసుకోండి.”

ఆదాం కూడా ముస్లిమే కాబట్టి వచ్చిన ఆ ‘మీవాళ్ళు’ అన్న మాట నస్రత్‌కి కొత్తది కాదు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఎన్ని రకాలుగా విన్నదో లెక్కలేదు. అయినా విన్న ప్రతిసారీ కారం కళ్ళలో పడ్డట్టే ఉంటుంది.

“చచ్చిపోయిన మనిషి మీవాళ్ళే కదా ఎస్సైగారూ. కనీసం ఆయన మీదయినా జాలి పడాల్సింది.”

ప్రభు ముఖం కందిపోయింది. అతను కూడా ఆ చర్చిలోనే బాప్తిస్మం తీసుకున్నవాడు, యేసుపాదం కొట్టిన గంటకి లేచి ఆదివారం బడికి పోయినవాడు. మాట సూటిగా తగిలింది. తగిలింది కాబట్టే గొంతు పెంచకుండా జేబులోంచి ఫోన్ తీసి, ఒక కాగితం ఫొటో ఆమె ముందు పెట్టాడు.

“ఇది చదివి మాట్లాడండి.”

వాంగ్మూలం. యేసుపాదం చనిపోయిన మర్నాడు, అంటే సోమవారం తీసుకున్నది. మార్టూరు నుంచి తనని తీసుకురావడానికి ఆ పొద్దున వచ్చిన అంకయ్యగారి నీలం కారుకి ఎక్కడా గీతగానీ మచ్చగానీ లేదని ఉంది. కింద సంతకం యేసుపాదం కొడుకు ప్రకాష్‌ది.

నస్రత్ రెండుసార్లు చదివింది. రంగు ఎంత చెప్పినా, చనిపోయినవాడి సొంత కొడుకు మాట ముందు నిలవదు. గుద్దిన మర్నాడే కారు శుభ్రంగా ఉంటే, ఈ మూడు మచ్చలూ జనవరివే అవుతాయి. ఆదాం భార్య ఫిజా నిన్న సాయంత్రం అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. ‘రేపటికి ఏదో ఒకటి దొరుకుద్దిగా అక్కా?’ దొరుకుతుందని తను మాటిచ్చింది. ఇవ్వకుండా ఉండాల్సింది.

అంకయ్య మెత్తగా అందుకున్నాడు. “కుర్రాడు అక్కడెక్కడో ఒంటరిగా ఏడుస్తూ బస్సు కోసం చూస్తంటాడని కారు పంపా. ఇవాళ నాలుగింటికి సమాధి రాయి కూడా ఈ కారులోనే చేరేస్తానన్నా. మన ఊరి మనిషి, ఆ మాత్రం చెయ్యకపోతే ఎట్టా.”

ఆమె మళ్ళీ కారు ముందు వంగింది. ఓడిపోయిన మనిషి సామాన్లు సర్దుకుంటోందనుకుని వాళ్ళిద్దరూ వరండా ఎక్కారు. భూతద్దం తీయబోతుంటే హెడ్‌లైటుకీ బానెట్‌కీ మధ్య సందులో బూడిదరంగు తెలుపు గీత కనిపించింది. ఎండి గడ్డకట్టిన పేస్టు. పాలిష్ చేసినవాడు పైన తుడిచాడు గానీ సందులో ఉన్నది వదిలేశాడు. పిన్నుతో గీకి కాగితంలోకి రాల్చింది.

వాసన చూసింది. కార్లకి వాడే పాలిష్ పేస్టు కిరసనాయిలు కంపు కొడుతుంది, ఎన్నాళ్ళయినా ఆ కంపు పోదు. దీనికి ఏ వాసనా లేదు. వేళ్ళ మధ్య నలిపితే పిండిలా జారింది. కొంచెం తడి చేసి బొటనవేలి గోటి మీద రుద్దితే గోరు అద్దంలా మెరిసింది.

ఇలాంటి పొడి ఆమె ఆ రోజే ఒకచోట చూసింది. వాకిట్లో, నల్లరాయి పక్కన, సత్తుగిన్నెలో.

కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటుంటే ఎస్సై పైనుంచి చూశాడు. ఏం తీశారని అడిగాడు. దుమ్మని చెప్పింది.

“కేసు వస్తువులు నాకు చెప్పకుండా పట్టుకెళ్తే అది వేరే కేసు అవుద్ది. ఊరు దాటేలోగా మీ సంచి నేను చూస్తా.”

“తప్పకుండా చూడండి,” అని నస్రత్ స్కూటీ ఎక్కింది. అప్పటికి మూడూ పది.

ప్రకాష్ ఇంకా రాయి పని మీదే ఉన్నాడు. తండ్రి పేరు చెక్కడం అయిపోయింది. అంచులు మిగిలాయి. గిన్నెలో పొడి తీసి తడిగుడ్డతో రుద్దడం, నీళ్ళు పోయడం, బొటనవేలి గోరు అంచు మీద నడిపి చూడడం. గోరు తగిలితే మళ్ళీ రుద్దుతున్నాడు. ఎవరూ చూడని వెనకవైపు అంచు కూడా అలాగే చేస్తున్నాడు. ఎలీసమ్మ పొద్దున కూర్చున్న గడప మీదే కూర్చుని ఉంది.

నస్రత్ ఆదాం పేరెత్తలేదు. అంకయ్యగారి కారు మీద పని చాలా బాగా కుదిరిందని మాత్రం అంది.

పదకొండు రోజుల్లో ఆ కుర్రాడి పని మెచ్చుకున్నవాళ్ళు లేరు కాబోలు. చెయ్యి ఆపాడు. “మీకెట్టా తెలుసు?”

“మా నాన్న పెయింటర్. చూస్తే తెలిసింది. ఎన్ని రోజులు పట్టింది?”

మూడు రోజులన్నాడు. సమాధి చేసింది సోమవారం సాయంత్రం. మంగళవారం వెళ్ళి రెండు పూతలు, బుధవారం వార్నిష్, గురువారం మెరుగు. రాయి పాలిష్ పొడి కారు మీద పనికొస్తుందో రాదో అని ముందు డిక్కీలో ఓ మూల చూసుకుని అప్పుడు పెట్టాడట.

“ఆయన చెయ్యమన్నారా?”

“లేదండి. వద్దనే అన్నారు. నేనే చేస్తానన్నా.” ప్రకాష్ గుడ్డ పిండి పక్కన పెట్టాడు. “సోమవారం పొద్దున కారు నాకోసం మార్టూరు వచ్చిందండి. మాలాంటోళ్ళ కోసం ఎవరు కారు పంపుతారు? ఎక్కేటప్పుడు చూశా, ముందర రంగు లేచిపోయుంది. ఏమైందని డ్రైవర్ని అడిగితే, మీ మార్టూరు లారీల రాళ్ళే తగిలినయ్యన్నాడు. దారంతా సిగ్గేసింది. మా పని వల్లేగా ఆయన కారు పాడైంది, ఆ కారులోనే నన్ను నాన్న దగ్గరికి తెస్తన్నారు. నేను తిరిగి ఏమివ్వగలను? చేతిలో ఉన్న పని ఇదొకటే.”

“మరి కారుకి మచ్చ లేదని సంతకం చేశావే?”

అతను అర్థంకానట్టు చూశాడు. అలాంటిదేమీ చేయలేదన్నాడు. సమాధి దగ్గర ఎస్సై అన్న, పోస్టుమార్టం కాగితాలని నాలుగైదు చోట్ల సంతకాలు పెట్టించుకున్నాడు, అంతే. ఎస్సై అన్న చిన్నప్పుడు తనకి ఆదివారం బడిలో పాటలు నేర్పినవాడు. చదివి పెట్టాలని తోచలేదు.

ఇక్కడితో ఆపేస్తే ఈ కుర్రాడికి కనీసం నిద్రయినా మిగులుతుంది. కానీ ఆపితే ఆదాంకి ఏమీ మిగలదు. ఇంకొక్క ప్రశ్న అడిగినందుకు తనని తాను ఎప్పటికీ క్షమించుకోలేనని తెలిసే అడిగింది.

“రంగు వేసేముందు మచ్చలు శుభ్రం చేస్తావుగా ప్రకాష్. వాటిలో ఏమన్నా అంటుకుని ఉందా?”

“ఉందండి. హెడ్‌లైటు పక్కన దాంట్లో వేరే రంగు దిగబడింది. ఏ గేటుకో రాసుకుందనుకున్నా. సూదితో తీసి, థిన్నరు పెట్టి తుడిచా.”

“ఏం రంగు?”

“పచ్చ...”

అతని బొటనవేలు రాయి అంచు మీద ఆగిపోయింది. చెంబు ఒరిగి నీళ్ళు రాయి మీదుగా మట్టిలోకి కారాయి.

“నాన్న సైకిల్‌కి రంగేసింది నేనే,” అన్నాడు చివరికి. “క్రిస్మస్‌కి. చర్చి గేటుకి వేయగా మిగిలింది.”

ఏడవలేదు. తన చేతులు రెండూ ఎత్తి, ఎవరివో చూసినట్టు చూసుకున్నాడు. తర్వాత లేచి, పనిముట్ల సంచి గుమ్మరించి, అడుగున ఉన్న గుడ్డముక్క తీశాడు. యేసుపాదం పాత లుంగీ చించిన ముక్క. ఒక మూల పచ్చ మరక, దాని చుట్టూ నీలం దుమ్ము. మెత్తటి గుడ్డ కదా అని పారేయలేదన్నాడు.

నస్రత్ చెయ్యి చాచింది. అతను ఇవ్వలేదు.

“ఇదిస్తే ఆదాం బయటికొస్తాడా?”

“వస్తాడు. నువ్వు కోర్టులో ఇదే చెప్పాలి.”

“చెప్తా. మరి నాకేం శిక్ష వేస్తారండి? మా నాన్నని గుద్దిన మచ్చ కాస్తా నేనే తుడిచానుగా. గోరు తగలకుండా తుడిచా.”

నస్రత్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

వీధి మలుపులో హారన్ వినిపించింది. నాలుగింటికి వస్తానన్న నీలం కారు మూడూ నలభైకే వస్తోంది. వెనకాల పోలీసు జీపు. ఇంటికి వెనక దారి లేదు, ముందున్న సందు ఒక్కటే. సంచి వెతుకుతానన్న మాట ఎస్సై నిలబెట్టుకుంటున్నాడు. వెతికితే పొడి పోతుంది, గుడ్డా పోతుంది, ఇక ప్రకాష్ మాట ఒక్కటే మిగులుతుంది. దానికి ఎదురుమాట రాసిన కాగితం మీద అతని సంతకమే ఎటూ ఉంది.

ఎలీసమ్మ గడప మీదనుంచి లేచింది. పొద్దుటినుంచి నోరు విప్పని మనిషి తిన్నగా వచ్చి కొడుకు చేతిలో గుడ్డ లాక్కుంది. నస్రత్ వైపు తిరిగి పొడి పొట్లం కూడా ఇమ్మంది. రెండూ కలిపి చుట్టి బొడ్లో దోపుకుని, పైట కప్పింది.

“మీ సంచి వెతుకుతారమ్మా, వాడి సంచి వెతుకుతారు. కూలికి పోయే ముసల్దాన్ని నన్నెవడు వెతుకుతాడు,” అంది. తర్వాత కొడుకు భుజం మీద చెయ్యేసి బలంగా కిందకి నొక్కింది. “తలెత్తమాక. రాయి తుడువు.”

ప్రకాష్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. చేతిలో గుడ్డ లేదు. ఒట్టి అరచేత్తోనే తండ్రి పేరు మీద నీళ్ళు తుడవసాగాడు. అతని వీపు వణకడం నస్రత్‌కి కనిపిస్తూనే ఉంది. వాకిట్లోకి వచ్చేవాళ్ళకీ కనిపిస్తుంది.

కారు దడి ముందు ఆగింది. అంకయ్య దిగాడు. వెనక జీపులోంచి ఎస్సై ప్రభు దిగి, ముందు నస్రత్ భుజాన ఉన్న సంచినీ, తర్వాత ఖాళీ చేతులతో రాయి తుడుస్తున్న ప్రకాష్‌నీ, అతని పక్కన గుమ్మరించి ఉన్న పనిముట్లనీ ఒక్కొక్కటిగా చూశాడు.

ఎలీసమ్మ పైట సర్దుకుని దడి తలుపు తీసింది.

“రండయ్యా,” అంది అంకయ్యతో. “మీ గురించే అనుకుంటన్నాం.”